కుండీలో మొక్క, గడిలో అంకె

బడిలో సైన్సు ప్రాజెక్టు అప్పగించవలసిన గడువు రేపు అనగా, ముందు రోజు రాత్రి పది గంటల వేళ మన ఇళ్ళలో తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. తండ్రి కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరూ కొలవని మొక్కకు 21 రోజుల ఎత్తులు రాస్తూ ఉంటాడు.

ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు. పోయిన సంవత్సరం మేము స్వయంగా చేసిన పనే ఇది. అప్పుడు మా అమ్మాయి ఆరవ తరగతి. ఇంట్లో ఒక విత్తనం నాటి, మూడు వారాలు రోజూ కొలిచి, కంప్యూటరులో గ్రాఫు గీసి తెమ్మని టీచరు చెప్పారు. నానబెట్టిన పెసలు నానబెట్టినట్టే ఉండి పులిసిపోయాయి. గడువు ముంచుకొచ్చింది. మేము స్ప్రెడ్‌షీటు తెరిచి మొదటి గడిలో 0.5 అని, రెండవ గడిలో 1.0 అని కొట్టి, ఆ రెండింటినీ కలిపి పట్టుకుని మూలను కిందికి లాగాము. మిగిలిన 19 గడులనూ ప్రోగ్రామే నింపేసింది. ఆకుపచ్చ రంగులో చక్కని గీత వచ్చింది. ప్రింటు తీసి అట్ట వేశాము. అమ్మాయికి పదికి పది మార్కులు వచ్చాయి. దాదీ మాషా అల్లాహ్ అన్నారు. మేమూ సంతోషించాము.

ఈ ఏడు నవంబరులో అదే పని మళ్ళీ వచ్చింది. అమ్మాయి ఏడవ తరగతికి వచ్చింది. నాలుగవ తరగతి చదివే తమ్ముడు కూడా తనకొక కుండీ కావాలని పట్టుబట్టాడు. ఈసారి విత్తనం నాటిన తరువాతనే అంకె రాయాలని మేము నిశ్చయించుకున్నాము. ఆ మూడు వారాలలో మా ఇంట్లో జరిగింది పాఠకులకు ఉపయోగపడగలదని ఈ నెల ఈ శీర్షికలో రాస్తున్నాము. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. గుప్పెడు పెసలు, రెండు పెరుగు డబ్బాలు, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. కంప్యూటరు లేని ఇంట్లో ఫోనులోని గూగుల్ షీట్స్ సరిపోతుంది. కంప్యూటరు ఉన్నవారు లిబ్రే ఆఫీస్ కాల్క్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఎక్సెల్ కొనవలసిన అవసరమేమీ లేదు.

పెసలనే ఎందుకు ఎంచుకోవాలంటే, పిల్లల ఓపికకు అవి సరిపోతాయి. రాత్రి నానబెట్టి నాటితే మూడు నాలుగు రోజులలో మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి. కొత్తిమీర నాటితే వారం దాటినా మట్టి తప్ప మరొకటి కనిపించకపోవచ్చు; చిన్నవాడు అప్పటికే మట్టిని తవ్వి చూసి ఉంటాడు. డబ్బాల అడుగున చిల్లులు పెట్టి, రెండింటిలోనూ ఒకే మట్టి నింపి, ఒక్కొక్క దానిలో నాలుగేసి గింజలు నాటించాము. ఒకే గింజ నాటితే అది మొలవని పక్షంలో పిల్లల పని మొదలు కాకుండానే ముగుస్తుంది. నాలుగు నాటితే ఒకటి పోయినా మూడు మిగులుతాయి. పైగా ఒకే డబ్బాలో, ఒకే నీటితో పెరిగిన మొక్కలు కూడా ఒకే ఎత్తు ఉండవన్న సంగతి బిడ్డకు కంటిముందే తెలుస్తుంది.

ఒక డబ్బాను తూర్పు కిటికీలో పెట్టాము. రెండవ దానిని ఏం చేయాలని అడిగితే చిన్నవాడు, "అలమారాలో పెడదాం అబ్బా, చీకట్లో ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. ఆ డబ్బా బట్టల అలమారా కింది అరలోకి వెళ్ళింది. మట్టి డబ్బాకు, ఉతికిన బట్టలకు పొత్తు కుదరదని వాళ్ళ అమ్మీ ముందే హెచ్చరించారు. పాత పళ్ళెం ఒకటి కింద పెట్టిన తరువాత గాని అనుమతి దొరకలేదు.

రోజుకొకసారి, అస్ర్ అజాన్ వినగానే కొలవాలని నియమం పెట్టుకున్నాము. ఒకరోజు పొద్దున్న, మరొక రోజు రాత్రి కొలిస్తే రెండు కొలతల మధ్య కాలం సమానంగా ఉండదు. అప్పుడు ఒకరోజు మొక్క ఎక్కువ పెరిగిందో, మనం ఆలస్యంగా కొలిచామో తేల్చలేము. వేళను గడియారానికి ముడిపెడితే పిల్లలు మరచిపోతారు. రోజూ వినపడే పిలుపుకు ముడిపెడితే ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది.

మొదటి తగవు స్కేలు దగ్గరే వచ్చింది. ఒకే మొక్కను అమ్మాయి కొలిస్తే 2.6 సెంటీమీటర్లు వచ్చింది, అబ్బాయి కొలిస్తే 2.1 వచ్చింది. ఇద్దరూ ఒట్టు పెట్టుకునే దాకా వెళ్ళారు. పరిశీలించగా తప్పు ఎవరిదీ కాదని తేలింది. అబ్బాయి చేతిలో ఉన్నది బడికి తీసుకుపోయే ప్లాస్టిక్ స్కేలు. దానిపై సున్నా గీత స్కేలు అంచున ఉండదు. అర సెంటీమీటరు లోపలికి ఉంటుంది. మట్టి మీద నిలబెట్టి చదివితే ఆ అర సెంటీమీటరు లెక్కలోకి రాదు. అమ్మాయి వాళ్ళ అమ్మీ కుట్టుపెట్టెలోని టేపుతో కొలిచింది. టేపుకు సున్నా అంచునే ఉంటుంది. ఆనాటి నుండి ఇద్దరూ టేపుతోనే కొలిచారు. ఎక్కడి నుండి ఎక్కడి వరకు అన్నది కూడా తీర్మానించుకున్నాము. డబ్బా అంచు నుండి కాదు, మట్టి పైనుండి. పైకి లేచిన ఆకు కొన వరకు కాదు, కాండం చివర వరకు. ఈ తీర్మానాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించాము. అంత చిన్న విషయం రాయడమెందుకని మీ పిల్లలు కూడా అడుగుతారు. పది రోజుల తరువాత ఎవరికీ గుర్తుండదు గనుక రాయాలి.

కొలత ముందు నోటుపుస్తకంలోకి, ఆ తరువాతనే స్ప్రెడ్‌షీటులోకి వెళ్ళాలి. మట్టి చేతులతో ఫోను ముట్టుకోకుండా ఉండడం ఒక కారణం. కాగితం మీద కొట్టివేత కనిపిస్తుంది, తెర మీద కనిపించదు అన్నది రెండవ కారణం. ఈ రెండవది ఎంత ముఖ్యమైనదో మాకు తరువాత తెలిసింది.

స్ప్రెడ్‌షీటు అంటే గళ్ళ కాగితమే. ఒక రోజుకు ఒక అడ్డు వరుస, ఒక మొక్కకు ఒక నిలువు వరుస. మొదటి నిలువు వరుసలో రోజు సంఖ్య, రెండవదానిలో తేదీ, ఆ తరువాత కిటికీ మొక్కలు నాలుగు, అలమారా మొక్కలు నాలుగు, చివర గమనిక. తేదీ విషయంలో ఒక మెలిక ఉంది. 5/11 అని కొడితే, కంప్యూటరులోని అమరికను బట్టి అది నవంబరు 5 కావచ్చు, మే 11 కావచ్చు. అందుకే రోజు సంఖ్యను వేరే వరుసలో ఉంచి, గ్రాఫును దాని ఆధారంగానే గీయించాము. అలాగే పిల్లలు గడిలో "5 సెం.మీ." అని రాస్తారు. చూడడానికి బాగానే ఉంటుంది గాని ప్రోగ్రాము దానిని అంకెగా కాక మాటగా తీసుకుంటుంది, సగటులో కలపదు. అంకె గడిలో కుడివైపుకు, మాట ఎడమవైపుకు ఒదిగి కూర్చుంటాయి గనుక, ఎడమకు జరిగిన అంకె కనబడితే ఏదో తేడా ఉందని పిల్లలే పట్టుకోగలరు. సెంటీమీటరు అన్న మాటను వరుస శీర్షికలో ఒక్కసారి రాస్తే చాలు.

మొదటి రెండు రోజులు గడులన్నిటిలో సున్నాలే. చిన్నవాడికి అది అవమానంగా తోచింది. మొలిచిన తరువాత నుండి రాస్తానన్నాడు. చూశాము, మొక్క రాలేదు; అది కూడా మనం చూసిన విషయమే కదా అని నచ్చజెప్పాము. మూడవ రోజు కిటికీ డబ్బాలో రెండవ మొక్క తల వంచుకుని పైకి వచ్చింది: 0.8. నాలుగవ రోజు 2.6, ఐదవ రోజు 5.1, ఆరవ రోజు 8.0. అలమారా డబ్బాలో మొక్కలు ఇంకా వేగంగా లేచాయి. పదవ రోజుకు కిటికీ మొక్క 13 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, అలమారాలో పొడవైనది 24 దాటింది. చిన్నవాడి ఆనందానికి హద్దు లేదు. మొక్కలకు చీకటే మంచిదని, బడిలో చెప్పేది తప్పని, ఇంటికి వచ్చిన ప్రతివారికీ గ్రాఫు చూపించాడు. రెండు గీతలను చూసినవారు కాదనడానికి వీలులేకుండా ఉంది.

పదకొండవ రోజు శుక్రవారం. నంద్యాలలో బంధువుల ఇంట నికాహ్, మరునాడు వలీమా. ఇంటికి తాళం వేసి అందరం వెళ్ళాము. ఆదివారం సాయంత్రం తిరిగివచ్చి సామాను సర్దుకుంటూ ఉండగా చిన్నవాడు బుద్ధిగా నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చున్నాడు. కాసేపటికి చూస్తే శుక్ర, శనివారాల గడులు నిండి ఉన్నాయి. కిటికీ మొక్కకు 13.3, 13.6. అలమారా మొక్కకు 25.2, 26.3. ఆ తరువాత వాడు ఆదివారం కొలత కోసం అలమారా తలుపు తీశాడు.

మొక్కలు నాలుగూ పడిపోయి ఉన్నాయి. పాలిపోయిన కాండాలు డబ్బా అంచు మీదుగా ఒరిగి పళ్ళెంలో వాలాయి.

ఎప్పుడు పడ్డాయి? శుక్రవారమా, శనివారమా, మేము తాళం తీయడానికి గంట ముందా? ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా మా పుస్తకంలో లేదు. శనివారం నాడు ఆ మొక్క 26.3 సెంటీమీటర్ల ఎత్తున నిటారుగా నిలబడి ఉందని అందులో రాసి ఉంది.

మేము వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, చూడనిది రాయకూడదు కదా బేటా అన్నాము. వాడు ఏడుపు ముఖంతో, "రాయకపోతే గీత తెగిపోతుంది కదా అబ్బా" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుండగా పక్కన బట్టలు మడతపెడుతున్న అమ్మాయి తల ఎత్తకుండానే అన్నది: "పోయినసారి మీరు నాకు మొత్తం రాసిచ్చారు కదా అబ్బా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగినది జరిగినట్టు చెప్పింది. జవాబు వెతుక్కోవడానికి మాకు చాలాసేపు పట్టింది. తమ్ముడు రెండు గడులు నింపితే తప్పు అంటున్న మేము, దాని పేరు మీద 21 గడులు నింపాము. పెద్దలు చేస్తే సాయం, పిల్లలు చేస్తే అబద్ధమా? పదికి పది వచ్చిన ఆ రాత్రి నుండి అమ్మాయి ఈ లెక్కను మనసులో మోస్తూనే ఉందని మాకు అప్పుడు గాని తెలియలేదు. తప్పయిందని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాము. తండ్రి తప్పు ఒప్పుకుంటే పిల్లల ముందు పలుచన అవుతాడని కొందరు పెద్దలు అంటారు. మేము ఆ మాటను ఇప్పుడు నమ్మడం లేదు.

పాత ఫైలు కంప్యూటరులో అలాగే ఉంది. అమ్మాయే దానిని తెరిచి కొత్తదాని పక్కన పెట్టింది. స్ప్రెడ్‌షీటు నిజంగా పిల్లలకు పనికివచ్చింది ఇక్కడే. కొత్త నిలువు వరుసలో సమానం గుర్తు వేసి, నేటి గడిలో నుండి నిన్నటి గడిని తీసివేసే ఫార్ములా రాయించాము. అది రోజువారీ పెరుగుదల. నిజమైన మొక్కకు మూడవ రోజు నుండి వచ్చిన అంకెలు ఇవి: 0.8, 1.8, 2.5, 2.9, 2.2, 1.6, 0.8, 0.4. మేము రాసిన మొక్కకు వచ్చినవి: 0.5, 0.5, 0.5, 0.5, అలా చివరి వరకు. ఆ మొక్క నాటిన మొదటి రోజే అర సెంటీమీటరు మొలిచింది. ఏ రోజూ నిదానించలేదు, ఏ రోజూ తొందరపడలేదు. అది చూసి పిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. నవ్వడంలో మేమూ కలిశాము, వేరే దారి లేదు.

ప్రాణమున్నది గీత గీసినట్టు పెరగదు. మొదట గింజ పప్పులలో దాచుకున్న ఆహారంతో నెమ్మదిగా లేస్తుంది. కాండం సాగే రోజులలో వేగం పుంజుకుంటుంది. ఆకులు విచ్చుకుని సొంతంగా ఆహారం తయారుచేసుకునే పనిలో పడ్డాక ఎత్తు పెరగడం కాస్త తగ్గుతుంది. గ్రాఫు మీద ఇది మొదట పడుకుని, నడుమ నిలబడి, మళ్ళీ వాలిన గీతగా కనిపిస్తుంది. అల్లిన అంకెలకు ఈ వంపు రాదు. అల్లేవాడికి ఆ వంపు ఉన్నదనే తెలియదు, మాకు తెలియనట్టే.

అయినా చిన్నవాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. గీత తెగిపోతే ఏమిటి? దీనికి జవాబు వాళ్ళ అమ్మీ ఇచ్చారు. జనన ధ్రువపత్రాలతో పాటు బీరువాలో భద్రపరచిన మాతా శిశు రక్షణ కార్డును తీసుకువచ్చి వాడి ముందు పరిచారు. అంగన్‌వాడీ కేంద్రంలో నెలనెలా తూచి, టీచరమ్మ చుక్కలు పెట్టి గీసిన వాడి బరువు గ్రాఫు అది. మగపిల్లలకు నీలం, ఆడపిల్లలకు గులాబీ రంగు పేజీ. లోపల ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. మన తల్లులలో చాలామందికి గ్రాఫు అన్న పేరు తెలియకపోవచ్చు గాని, గ్రాఫు చదవడం మాత్రం ఆ కార్డే నేర్పింది. చుక్క ఆకుపచ్చలో ఉంటే బిడ్డ బాగున్నట్టు, పసుపులోకి జారితే ఆలోచించవలసినట్టు.

వాడి కార్డులో పద్నాలుగు, పదిహేను నెలల దగ్గర చుక్కలు లేవు. ఆ రెండు నెలలు మేము ఊళ్ళో లేము. పదహారవ నెల చుక్క పసుపు పట్టీలో ఉంది. "ఆ రోజుల్లో నీకు విరేచనాలు పట్టుకున్నాయి బేటా, చిక్కిపోయావు" అని వాళ్ళ అమ్మీ చెప్పారు. "టీచరమ్మ ఖాళీ చూసి, ఈ రెండు నెలలు ఏమైందమ్మా అని అడిగింది. అడిగింది గనుక నేను చెప్పాను. చెప్పాను గనుక ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. గీత తెగకూడదని తనే రెండు చుక్కలు పెట్టేసి ఉంటే ఎవరు అడిగేవారు?"

చిన్నవాడు కార్డును చాలాసేపు చూశాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే శుక్ర, శనివారాల అంకెలను నోటుపుస్తకంలో కొట్టివేసి, పక్కన "ఊళ్ళో లేము" అని రాసి, తెర మీది గడులు ఖాళీ చేశాడు. కొట్టివేసిన అంకెలు నోటుపుస్తకంలో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని రబ్బరుతో తుడిపించకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఖాళీకి, సున్నాకు తేడా ఉందని ఆ రోజే వివరించాము. సున్నా అంటే చూశాము, ఏమీ లేదు. ఖాళీ అంటే చూడలేదు. ప్రోగ్రాముకు కూడా ఈ తేడా తెలుసు. సగటు ఫార్ములా ఖాళీ గడిని వదిలివేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. వరుసను పూర్తిగా తొలగించడం కూడా సరికాదు. పదవ రోజు కిందనే పదమూడవ రోజు వస్తే, మామూలు లైన్ చార్టు ఆ రెండింటినీ పక్కపక్క రోజులుగా గీసి, మూడు రోజుల పెరుగుదలను ఒక్క రోజు పెరుగుదలగా చూపిస్తుంది. వరుస ఉంచి గడి ఖాళీగా వదిలితే గీత అక్కడ ఆగి, తిరిగి మొదలవుతుంది. ఆ ఖాళీ జాగాను చూసినవాడు అడుగుతాడు.

అయితే సున్నా కూడా ఒకచోట మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. కిటికీ డబ్బాలో నాలుగవ గింజ చివరి వరకు మొలవలేదు. పదవ రోజు ఎత్తులు 13.0, 12.4, 12.6, సున్నా. సగటు 9.5 అని వచ్చింది. డబ్బాలో 9.5 సెంటీమీటర్ల మొక్క ఒక్కటి కూడా లేదు. మొలవనిదానిని వదిలివేస్తే సగటు 12.7 వస్తుంది, నిజానికి దగ్గరగా ఉంటుంది. కాని వదిలివేస్తే ఒక గింజ చచ్చిపోయిన మాట మరుగున పడుతుంది. చర్చించుకుని రెండు వరుసలు పెట్టాము: మొలిచినవాటి సగటు ఎత్తు ఒకటి, నాలుగింటిలో ఎన్ని మొలిచాయన్నది మరొకటి. రైతులు విత్తనం కొనేటప్పుడు చూసే మొలక శాతం ఈ రెండవ లెక్కే. సర్టిఫైడు వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలన్నది మన దేశంలో ప్రమాణం. వ్యవసాయం చేసే బంధువులు ఉన్నవారు విత్తన సంచి మీది చీటీని పిల్లలకు చూపించవచ్చు. ఒక చచ్చిన గింజకు సంచి చీటీ మీద కూడా చోటుందని వాళ్ళకు అర్థమవుతుంది.

ఇక అలమారా మొక్కల విషయం. ఎత్తు ఒక్కటే కొలిచినంత కాలం గ్రాఫు వాటినే గెలిపించింది. అంకెలలో తప్పు లేదు, మేము అడిగిన ప్రశ్నలోనే లోపం ఉంది. వెలుతురు దొరకని మొలక తన దగ్గర ఉన్న ఆహారమంతా కాండాన్ని సాగదీయడానికే ఖర్చుపెడుతుంది. మట్టిలో లోతుగా పడిన గింజ వెలుతురును చేరుకోవడానికి వాడే ఉపాయమే అది. ఆకులను విప్పదు, పత్రహరితాన్ని తయారు చేసుకోదు, కాండాన్ని గట్టిపరచుకోదు. పప్పులలోని నిల్వ అయిపోయిన రోజున కూలిపోతుంది. అంగడిలో అమ్మే పొడవాటి తెల్లని పెసర మొలకలను చీకట్లో పెంచేది ఇందుకే. పిల్లలు స్ప్రెడ్‌షీటుకు మరో మూడు వరుసలు జోడించారు: విచ్చుకున్న ఆకుల సంఖ్య, ఆకు రంగు, కాండం నిలబడిందా ఒరిగిందా. ఆకుల వరుసతో గీసిన గ్రాఫులో అలమారా గీత నేలను అంటుకునే ఉంది. ఎత్తు గ్రాఫు, ఆకుల గ్రాఫు పక్కపక్కన పెడితే రెండూ ఒకే మొక్కల గురించి చెబుతున్నాయని నమ్మడం కష్టం. వీలైతే మొదటి రోజు నుండే ఒకటికి మించిన లక్షణాలను కొలిపించమని మా సలహా. మార్కుల చీటీలో ఒక్క అంకె చూసి బిడ్డను అంచనా వేసే మనకు కూడా ఆ రెండు గ్రాఫులు చూడడం మంచిదేమో.

కాగితం మీద ఒక్క గ్రాఫయినా చేత్తో గీయించకుండా కంప్యూటరు గ్రాఫు వైపు వెళ్ళనివ్వకండి. అడ్డంగా రోజులు, నిలువుగా ఎత్తు, ఒక్కొక్క చుక్కా తానే పెట్టిన బిడ్డకు తెర మీది గీత ఎక్కడి నుండి వచ్చిందో తెలుస్తుంది. లేకుంటే అది బొమ్మే అవుతుంది. ప్రోగ్రాము తనంతట తాను నిలువు గీతను సున్నా నుండి కాక 10 నుండి మొదలుపెడితే చిన్న తేడా కొండంతగా కనిపిస్తుందన్న జాగ్రత్త కూడా చేత్తో గీసిన పిల్లలకే త్వరగా పట్టుబడుతుంది.

తొమ్మిదవ శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ 'కితాబున్ నబాత్' అనే వృక్ష గ్రంథం రాశారని మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాము. చెప్పుకోవడం మంచిదే. ఆ పేరు విన్న పిల్లలలో ఎందరు ఒక మొక్క పక్కన వరుసగా పది రోజులు కూర్చున్నారన్నది మేము ఈ మధ్య వేసుకుంటున్న ప్రశ్న.

ప్రాజెక్టు బడికి వెళ్ళింది. రెండు రోజుల ఖాళీతో, మొలవని గింజతో, కూలిన మొక్కలతో సహా అమ్మాయి ఉన్నదున్నట్టు అప్పగించింది. పదికి ఏడు వచ్చాయి. గ్రాఫు మీద ఖాళీ ఉన్న చోట ఎర్ర సిరాతో సున్న చుట్టి "అసంపూర్ణం" అని రాసి ఉంది. ఆ సాయంత్రం అమ్మాయి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అల్లిన మొక్కకు పది, పెంచిన మొక్కకు ఏడు. మేము బడికి వచ్చి మాట్లాడతామన్నాము. వద్దన్నది. మరునాడు తానే నోటుపుస్తకం తీసుకువెళ్ళి టీచరుకు చూపించింది. ఆమె ఓపికగా విన్నారట, కొట్టివేసిన రెండు అంకెలను చూసి నవ్వారట. మార్కులు మాత్రం మారలేదు.

పాత ఫైలును తీసివేద్దామని మేము అంటే అమ్మాయి ఒప్పుకోలేదు. దానిని కొత్త ఫైలులోకి రెండవ షీటుగా చేర్చి, కింద పేరు రాసే చోట "అబ్బా మొక్క" అని రాసిపెట్టింది. తమ్ముడు వచ్చినవారందరికీ ఇప్పుడు దానినే చూపిస్తున్నాడు.

పిల్లలు తరువాతి పని తామే నిర్ణయించుకున్నారు. 1727లో స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్లేయుడు ప్రచురించిన పుస్తకంలో లేత ద్రాక్ష తీగల మీద పావు అంగుళానికొక ఎర్ర చుక్క పెట్టి, ఏ చుక్కలు దూరం జరుగుతాయో చూసి, తీగ ఏ భాగంలో సాగుతుందో కనుగొన్న వృత్తాంతం ఉంది. అది చెప్పగానే తామూ చుక్కలు పెడతామన్నారు. పెసర కాండం సన్నం గనుక బెండను ఎంచుకున్నారు. ఈసారి ఊరికి వెళ్ళే రోజులలో కొలిచే బాధ్యత పక్కింటి దాదీకి అప్పగించాలని, ఆమె టేపును ఎలా పట్టుకోవాలో ముందుగా నేర్పాలని కూడా తీర్మానమైంది. గింజలు నాటి ఇప్పటికి మూడు రోజులు. మూడు గడులలోనూ సున్నాలు ఉన్నాయి.